తరుగు తీయని తూకం

నేను ముప్పై నాలుగో ఏట రిటైరయ్యాను. ఈ మాట వినగానే కొందరు నవ్వుతారు కాబట్టి ఆధారాలు ముందే పెడుతున్నాను. ఒకటి, శాలువా కప్పారు. రెండు, గోడ గడియారం ఇచ్చారు. మూడు, ముగ్గురు మాట్లాడారు, ఆ ముగ్గురూ నా సమయపాలన గురించే మాట్లాడారు. నాలుగు, మర్నాటి నుంచి జీతం లేదు. రిటైర్మెంటుకు ఇంతకన్నా వేరే లక్షణాలు నాకు తెలియవు. పింఛను అని ఒకటి ఉంటుందంటారు గానీ కాంట్రాక్టు ఉద్యోగికి ఆ లక్షణం వర్తించదు.

నా కుర్చీలోకి రాబోయే మనిషి కోసం అప్పగింత నోటు రాసిమ్మన్నారు. ఒక పేజీ చాలన్నారు. ఒక పేజీలోనే రాసిచ్చాను. కాంటా ఎక్కడుంది, బ్యాటరీ ఎప్పుడు మార్చాలి, లక్క ఎవరి దగ్గర అడగాలి. ఆ పేజీలో పట్టనివి ఇక్కడ రాస్తున్నాను.

పని అంటే ఏమిటి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. ఈ మూడు జిల్లాల్లో కలిపి ఎనిమిదేళ్లు పని చేశాను. శాఖ పేరు ఇక్కడ అవసరం లేదు. పదవి పేరు టెక్నికల్ అసిస్టెంట్. గంజాయి పట్టుకునేది అధికారులు, పట్టుకున్నది ఎంతో చెప్పేది నేను.

సామాను జాబితా చిన్నదే. ఎలక్ట్రానిక్ కాంటా. దాన్ని సరిచూసుకోవడానికి ఐదు కిలోల ఇనుప గుండు. నమూనా కవర్లు. లక్క, ఇత్తడి ముద్ర, కొవ్వొత్తి, అగ్గిపెట్టె. వీటిలో అవసరానికి దొరకనిది ఎప్పుడూ అగ్గిపెట్టే. సీఐ సారు ముందు ఎవరూ బీడీ తాగరు కాబట్టి, తాగేవాళ్లు ఐదుగురున్నా ఎవరి జేబులోనూ అగ్గిపెట్టె ఉండదు. ముద్ర వేయడానికి నేరస్థుడి భార్యను అడిగి అగ్గిపెట్టె తెచ్చుకున్న సందర్భాలు నాకు మూడు గుర్తున్నాయి.

ఈ పనిలో తూకమే ప్రాణం. గంజాయి కిలో వరకూ అయితే చట్టం దాన్ని చిన్న మొత్తం అంటుంది. ఇరవై కిలోలు దాటితే వ్యాపార మొత్తం. అప్పుడు శిక్ష కనీసం పదేళ్లు, బెయిలు దాదాపు దొరకదు. మధ్యలోది మధ్యలో. అంటే ఒక మనిషి ఎన్నేళ్లు లోపల ఉంటాడో మొదట చెప్పేది జడ్జి కాదు, నా కాంటా మీద వెలిగే ఎర్ర అంకెలు.

ఆ అంకెల విషయంలో నేను చాలా గట్టివాణ్ని. రోజూ పొద్దున గుండు పెట్టి చూసేవాణ్ని. కాంటా కింద నేల సమంగా లేకపోతే అట్టముక్క పెట్టి సరిచేసేవాణ్ని. ఫ్యాను ఆపించేవాణ్ని. మూడు దశాంశాల దాకా రాసేవాణ్ని. ఎనిమిదేళ్లలో నా కాంటా ఒక్క గ్రాము తప్పు చూపలేదు. నా తప్పు ఏమిటో చెప్పేముందు ఈ సంగతి చెప్పడం అవసరం.

ఉద్యోగం ఏమిటో తెలిసిన ప్రతి మనిషీ అడిగే ప్రశ్న ఒకటుంది. బస్సులో పక్క సీటాయన అడుగుతాడు, పెళ్లిలో వరసకు బావ అయ్యేవాడు అడుగుతాడు. గంజాయిని లీగల్ చేస్తారా, ఎప్పుడు చేస్తారు, చేయాలా వద్దా. నా చేతిలో కాంటా తప్ప ఏమీ లేదని చెప్పినా నమ్మరు. మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, ఒక మిర్చి సేటు మాత్రం చేయాలా వద్దా అని అడగలేదు. చేస్తే లైసెన్సు ఏ ఆఫీసులో ఇస్తారని అడిగాడు. ఈ చర్చలో స్పష్టత ఉన్న ఏకైక మనిషి ఆయనే.

అంతకు ముందు, వడ్ల దగ్గర

ఈ ఉద్యోగంలో చేరకముందు రెండు సీజన్లు కొడకండ్ల వైపు ఒక వడ్ల కొనుగోలు కేంద్రంలో పని చేశాను. ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా ఉంది కదా అని తేమ మీటరు నా చేతిలో పెట్టారు. గుప్పెడు వడ్లు అందులో పోస్తే తేమ ఎంతో చెబుతుంది. తేమ ఎక్కువుంటే ఆరబోయమంటాం. ఆరినా సరే, తాలు ఉందని, మట్టి ఉందని బస్తాకు ఇంత అని కోసేస్తాం. దాన్నే తరుగు అంటారు. సంచి బరువు వేరే తీసేస్తాం. రైతు తెచ్చిన దాంట్లోంచి రైతుది కానిదంతా తీసేయడం నా పని అన్నమాట.

అక్కడ సోమయ్య అనే రైతుతో ఒక రోజు మాటామాటా పెరిగింది. యాభై దాటిన మనిషి, సన్నగా, మెడలో తువ్వాల. తరుగు ఎక్కువ తీశానని నా కాంటా ముందు నుంచి కదల్లేదు.

"నా చెమట సుత తరుగుల వోయిందా సారూ?" అన్నాడు.

వెనక బస్తాలవాళ్లు నవ్వారు. నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు, తేమ మీటరు చేతిలో ఉంది, కాబట్టి పాఠం చెప్పాను. "కాకా, గింజ ఒక్కటే వడ్లు. నీళ్లు వడ్లు కావు. మట్టి వడ్లు కాదు. తాలు వడ్లు కాదు. సంచి అసలుకే కాదు."

సోమయ్య వెనక్కి తిరిగి వరసలో ఉన్నవాళ్లకు వినిపించాడు. "ఇన్నరా, గింజ ఒక్కటే వడ్లంట. యాదికి పెట్టుకోండ్రి."

వాళ్లు గుర్తు పెట్టుకున్నారో లేదో తెలియదు. ఆయన మాత్రం పెట్టుకున్నాడు.

ఇరవై మూడు కిలోల ఆరు వందల నలభై గ్రాములు

ఉద్యోగంలో చేరి ఆరో ఏడు. జనగామలో ఉన్నాను. మూడు రోజులుగా ముసురు. కొడకండ్ల వైపు ఒక పత్తి చేను గట్టు మీది కొట్టంలో గంజాయి ఉందని సమాచారం వస్తే పొద్దున ఎనిమిది గంటలకు వెళ్లాం. కొట్టంలో మూడు గోనెసంచులు, వాటిలో కుక్కిన ఇరవై ఒక్క మొక్కలు. వేళ్లతో సహా పీకినవి. వేళ్లకు నల్లమట్టి ముద్దలు ముద్దలుగా అంటుకుని ఉంది. సంచుల నుంచి నీళ్లు కారుతున్నాయి.

కొట్టం సోమయ్యది.

ఆయన బుకాయించలేదు. "పెట్టలేదని అననే సారూ. పెట్టిన," అన్నాడు సీఐ సారుతో. ఎవరో ఒకతను విత్తనాలు ఇచ్చి, పంటయ్యాక వచ్చి తీసుకుపోతానన్నాడట. పత్తి సాళ్ల మధ్య పెట్టాడు. రెండు రోజుల కింద పక్క ఊళ్లో దాడి జరిగిందని తెలిసి, భయపడి వానలోనే అన్నీ పీకి సంచుల్లో కుక్కాడు. పారేద్దామనుకున్నాడు. ఎక్కడ పారేయాలో తెలియలేదు. మనిషి తప్పు చేశాడు, అందులో సందేహం లేదు. నేను రాస్తున్నది ఆయన అమాయకుడని చెప్పడానికి కాదు.

కొట్టంలో చదునైన చోటు చూసి కాంటా పెట్టాను. అట్టముక్క పెట్టాను. గుండు పెట్టి చూపించాను. సీఐ సారు కానిస్టేబుళ్లను పిలిచి, "సూడుండ్రి, పనంటే గిట్ల చేయాలె," అన్నారు. నాకు సంతోషమైంది. మూడు సంచులూ ఉన్నవి ఉన్నట్టుగా ఎక్కించాం. అంకెలు ఆగేదాకా ఆగాను. 23.640.

అప్పటిదాకా తల వంచుకుని కూర్చున్న సోమయ్య నా మొహం చూసి గుర్తుపట్టాడు.

"సారూ, నువ్వు వడ్ల కాంట సారువే గదా?"

నేను అంకె రాసుకుంటున్నాను.

"నీళ్లు వడ్లు కావు, మట్టి వడ్లు కాదు అని నువ్వే జెప్తివి. మరి గదే నీళ్లు, గదే మట్టి గంజాయి ఎట్లయితయ్? జర తరుగు తీయుండ్రి సారూ."

కొట్టంలో అందరూ నవ్వారు. సీఐ సారు కళ్లు తుడుచుకుంటూ, "తరుగు గావాల్నంట తరుగు," అన్నారు. నేను కూడా నవ్వాను. నవ్వినవాళ్ల పేర్లు కూడా రాయాల్సి వస్తే నాది మొదటి మూడింట్లో ఉండేది.

తర్వాత పంచనామా రాశాం. అంటే ఎక్కడ, ఏది, ఎంత పట్టుకున్నామో సాక్షుల ముందు రాసే కాగితం. మా పద్ధతి ఏమిటంటే లాప్‌టాప్‌లో పాత కేసు కాగితం తెరిచి పేరు, ఊరు, తూకం మార్చడం. మిగతా మాటలు బాగానే ఉంటాయి కాబట్టి వాటిని ముట్టుకోం. టైపు చేసింది నేను. మూడు దశాంశాలతో తూకం మార్చాను. మిగతాది ముట్టుకోలేదు.

కాంట మంచిదేనా

సోమయ్యను కోర్టులో హాజరుపరిచిన రోజు ఆయన భార్య లచ్చవ్వ జనగామ కోర్టు ఆవరణలో నన్ను పట్టుకుంది. బరువు ఇరవై దాటినందుకే ఇంత పెద్ద కేసైందని ఎవరో చెప్పారామెకు. ఇరవైకి, ఇరవై మూడున్నరకి మధ్య ఉన్నది మూడున్నర కిలోలే కదా, ఏదో ఒక తూకంలో అంత తేడా రాదా అనుకుంది. ఆమెకు తెలిసిన కాంటాలన్నీ అలాంటివే మరి. ఎరువుల కొట్టు కాంటా, పత్తి కొనేవాడి కాంటా, పాత సామాన్లవాడి కాంటా.

"బిడ్డా, గా కాంట మంచిదేనా?" అని అడిగింది.

నాలోని మెకానిక్కు ఆ ప్రశ్న నచ్చింది. గుండు సంగతి, అట్టముక్క సంగతి చెప్పాను. "గ్రాము సుత తేడా రాదవ్వా," అన్నాను.



"మంచిదేనా," అంది. "అయితె ఇగ నాకు దిక్కు లేదన్నట్టే."

కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది. నా కాంటాను నమ్మి బాధపడిన మొదటి మనిషి ఆమె. అప్పటిదాకా నన్ను అందరూ మెచ్చుకునేవాళ్లే.

మానుకోటలో చర్చ

కొన్ని నెలలకు నన్ను మహబూబాబాద్‌కు మార్చారు. విజయవాడ వైపు నుంచి వచ్చే రైళ్లలో సీట్ల కింద ఎవరివీ కాని బ్యాగులు దొరుకుతుంటాయి. వాటిని తూచడానికి మనిషి కావాలి. రైలు గంజాయి సుఖం. పూర్తిగా ఎండి, ఇటుకలా అదిమి, టేపు చుట్టి ఉంటుంది. వేరు ఉండదు, మట్టి ఉండదు. నేరస్థుడు కూడా ఉండడు.

ఆ రోజుల్లో అక్కడి ఒక డిగ్రీ కాలేజీలో చర్చా పోటీ పెట్టారు. "గంజాయిని చట్టబద్ధం చేయాలా?" అతిథిగా అధికారి రావాలన్నారు. అధికారికి తీరిక లేక నన్ను పంపారు.

అనుకూలం వైపు కుర్రాడు పన్ను ఆదాయం, మందుల తయారీ, నార బట్టలు అని వేళ్ల మీద లెక్కపెట్టాడు. వ్యతిరేకం వైపు కుర్రాడు యువత, సంస్కృతి, నేరాలు అని అన్నే వేళ్లు మడిచాడు. ఇద్దరూ కలిసి ఆరు దేశాలు తిరిగి వచ్చారు. పక్కనే ఉన్న కేసముద్రం దాకా మాత్రం ఎవరూ పోలేదు. చప్పట్లు సమానంగా పడ్డాయి.

చివర్లో విద్యార్థులు ప్రశ్నలు అడగవచ్చన్నారు. నవ్య అనే అమ్మాయి లేచింది. మైకు అక్కర్లేదంది.

"సార్, మొక్కల ఏ భాగం గంజాయి?"

ఇది నాకు బాగా తెలిసిన ప్రశ్న. నిటారుగా కూర్చుని చెప్పాను. చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. ఆ కొసలతో కలిసి లేని ఆకు, గింజ లెక్కలోకి రావు. హాలంతా నోటు పుస్తకాల్లో రాసుకుంది.

"మరి మీరు కాంట పెట్టేటప్పుడు కాడలు, వేర్లు తీసేసి పెడ్తరా సార్?"

నేను ఏం చెప్పానో నాకు బాగా గుర్తుంది. "అది కేసును బట్టి ఉంటుంది," అన్నాను. ఎనిమిదేళ్ల ఉద్యోగంలో దశాంశం లేకుండా నేను ఇచ్చిన జవాబు అదొక్కటే. నవ్య "థాంక్యూ సార్" అని కూర్చుంది. అందులో థాంక్స్ ఏమీ లేదని ముందు వరసకు కూడా అర్థమైంది.

పోటీలో చట్టబద్ధం చేయాలన్న కుర్రాడు గెలిచాడు. బహుమతిగా "మత్తు వద్దు" అని రాసి ఉన్న టీషర్టు ఇచ్చాను.

ఆ సాయంత్రం సోమయ్య కేసు ఫోటోలు తెరిచి చూశాను. మట్టి కనిపిస్తూనే ఉంది. వేర్లు కనిపిస్తూనే ఉన్నాయి. మూడు సంచుల మీద ఏదో ఎరువు కంపెనీ పేరు కూడా చదవగలిగేంత స్పష్టంగా ఉంది. చట్టంలోని మాట నాకు ఉద్యోగంలో చేరిన వారం నుంచీ తెలుసు. కాంటా సంగతి అంతకు ముందు నుంచే తెలుసు. ఈ రెండూ ఒకే తలలో ఆరేళ్లు పక్కపక్కనే ఉండి ఒకదాన్నొకటి పలకరించుకోలేదు. వాటిని కలపమని అడిగినవాడు ఒక్కడే ఉన్నాడు, అతణ్ని చూసి నేను నవ్వాను.

ఆకు మీద వకీళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. వేరు మీద, మట్టి మీద, ఎరువు సంచి మీద వాదించుకునేదేమీ లేదు.

జనగామ వెళ్లి సీఐ సారుతో చెప్పాను. చెడ్డ మనిషి కాదాయన. టీ తెప్పించారు, మొత్తం విన్నారు.

"తమ్మీ, నీ పని కాంట. గంజాయి ఏందో, ఏంది కాదో కోర్టు సూసుకుంటది," అన్నారు.

"కోర్టు నా కాంటనే చూస్తది గదా సార్," అన్నాను.

"గందుకే నోరు మూసుకోమంటున్న," అన్నారు ఆయన, చాలా ఆప్యాయంగా.

ఎండు అనే మాట

కేసు విచారణకు వచ్చేసరికి సోమయ్య లోపలికి వెళ్లి పద్నాలుగు నెలలైంది. రెండుసార్లు బెయిలు అడిగితే రెండుసార్లూ రాలేదు. కారణం 23.640.

నేను సాక్షిని. సాక్ష్యానికి వారం ముందు, సీలు వేసి ఉన్న సంచులను కోర్టులో విప్పి మళ్లీ తూచాలని సోమయ్య తరఫు లాయరు అడిగాడు. అనుమతిచ్చారు. తూచాను, అదే కాంటా, అదే గుండు. 9.180 వచ్చింది.

కోర్టు వరండాలో సీఐ సారు నన్ను పక్కకు పిలిచారు. మిగతా పద్నాలుగు కిలోలు ఎటు పోయాయని అడుగుతారు, ఎలుకలు తిన్నాయని చెప్పమన్నారు. నేను లెక్క వేశాను. అంత గంజాయి తినడానికి స్టోరులో ఎలుకలు వందల్లో ఉండాలి. సీళ్లు పగలకుండా లోపలికి వెళ్లి, తిని, బయటికి రావాలి. పైగా ఆ మొత్తం తిన్న ఎలుకల మీద మేము కేసు ఎందుకు పెట్టలేదో కూడా చెప్పాలి. ఈ మూడూ సీఐ సారుకు చెప్పాను. "అయితె నీ ఇష్టం," అన్నారు.

బోనులో నిలబడ్డాను. లాయరు పొట్టిగా, ఓపికగా ఉన్నాడు. పంచనామా నా చేతికిచ్చి, గీత గీసిన లైను చదవమన్నాడు.

చదివాను. "ఘాటైన వాసన గల ఎండు గంజాయి, మొత్తం తూకం 23.640 కిలోలు."

"ఎండు గంజాయి?"

అప్పుడు చూశాను. పాత కేసు కాగితంలోని మాట. అంతకు ముందెప్పుడో జనగామ స్టేషన్లో, రైలులో దొరికిన గంజాయికి రాసిన మాట. ముసురులో నీళ్లు కారుతున్న సంచుల మీద నా చేత్తో నేనే అతికించిన మాట.

"ఎండిన గంజాయి మళ్లీ పద్నాలుగు కిలోలు ఎట్ల ఎండింది?" అని అడిగాడు లాయరు.

నా ముందు మూడు జవాబులున్నాయి. ఎలుకలు అనవచ్చు. గుర్తులేదు అనవచ్చు. ఎదురుగా సోమయ్య కూర్చుని ఉన్నాడు. తువ్వాల లేదు, మనిషి సగమయ్యాడు. నా వైపు కోపంగా కూడా చూడడం లేదు. బస్తా కాంటా మీద పెట్టి అంకె కోసం ఎదురుచూసేవాడిలా చూస్తున్నాడు.

"ఎండు అన్న మాట తప్పు," అన్నాను. "అవి పచ్చి మొక్కలు. వానలో తడిసినవి."

"అంటే నీళ్లను కూడా తూచినరా?"

"తూచాను."

"వేర్లు?"

"తూచాను."

"వేర్లకున్న మట్టి?"

"తూచాను."

"సంచులు?"

"మూడు. అవి కూడా తూచాను."

"చట్టం చెప్పిన పూత, కాయ కొసలు విడిగా ఎంత తూగినయి?"

"విడిగా తూచలేదు."

జడ్జిగారు రాయడం ఆపి నన్ను చూశారు. "మీ కాంటా సరైనదేనా?" అని అడిగారు.

"సరైనదే సార్," అన్నాను. "తూచింది సరైనది కాదు."

తీర్పులో వ్యాపార మొత్తం అన్నది రుజువు కాలేదన్నారు. సోమయ్య దగ్గర గంజాయి దొరికిన మాట నిజం కాబట్టి తక్కువ నేరం కింద శిక్ష వేశారు. అప్పటికే లోపలున్న కాలమే ఆ శిక్షకు సరిపోయిందన్నారు. ఆ మొక్కల కొసల అసలు బరువుకు ఎన్ని నెలలు పడాలో ఎవరికీ తెలియదు. తూచగలిగిన రోజున నేను తూచలేదు.

సాక్ష్యం చెప్పిన రోజు నేను బయటికొచ్చేసరికి లచ్చవ్వ మెట్ల మీద ఉంది. నా మొహం చూడలేదు. కాంటా సంచి నా భుజానికి వేలాడుతుంటే దాన్ని మాత్రం చాలాసేపు చూసింది.

మహదేవపూర్ నుంచి వచ్చిన తల్లి

సాక్ష్యం చెప్పిన రెండు వారాలకు నన్ను భూపాలపల్లికి మార్చారు. అక్కడ కాంటా సరిగా పని చేయడం లేదని కారణం రాశారు. వెళ్లి చూస్తే కొత్త కాంటా, డబ్బా కూడా విప్పలేదు.

సోమయ్య కథ చెప్పాక నేను గంజాయిని లీగల్ చేయమనే మనిషిననుకుంటారు. కాదు. భూపాలపల్లిలో ఒక తల్లి మా ఆఫీసుకు వచ్చింది, మహదేవపూర్ అవతలి ఊరి నుంచి రెండు బస్సులు మారి. ఇరవై ఏళ్ల కొడుకును ఒక ఆర్నెల్లు లోపల వేయమని బతిమాలింది. గంజాయికి అలవాటు పడి, ఇంట్లో ఎవరో తనను చంపుతారని రెండు నెలలుగా తలుపు గడియ తీయడం లేదట. మేము పట్టుకోవడానికి అతని దగ్గర గంజాయి దొరకలేదు. తూచడానికి నాకేమీ లేదు. వరంగల్ దవాఖానకు తీసుకుపొమ్మని చిరునామా రాసిచ్చాను.

టీవీలో చర్చ చూసిందట. వెళ్తూ వెళ్తూ అడిగింది. "అంగట్ల అమ్మనిస్తరంటున్నరు గద బిడ్డా. గప్పుడన్న మా ఊరికి మందిచ్చే డాక్టరును పంపుతరా?"

చేయాలనేవాళ్లూ, వద్దనేవాళ్లూ ఈ ప్రశ్నకు ఏం చెబుతారో వినాలని నాకుంది. ఆరు దేశాల సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పవచ్చు. నా మట్టుకు నా అభిప్రాయం చిన్నది. గంజాయిని చట్టబద్ధం చేయాలో వద్దో పెద్దలు తేల్చుకోనివ్వండి. అందాకా తూకాన్ని చట్టబద్ధం చేద్దాం. దానికి ఏ సభలోనూ బిల్లు పెట్టాల్సిన పని లేదు. ఒక కత్తెర, కింద పరచడానికి ఒక పరదా, ఓపిక ఉన్న మనిషి చాలు.

కొత్తగా వచ్చేవారికి నేను చెప్పేది ఇంతే. కొసలు కత్తిరించి విడిగా తూచండి. కాడ, వేరు, మట్టి, సంచి ఒక్కొక్కటీ విడిగా తూచి విడిగా రాయండి. పచ్చిదైతే పచ్చిదని రాయండి. పాత కాగితం తెరవకండి. తెరిస్తే ప్రతి మాటా ముట్టుకోండి. పట్టుబడ్డవాడు జోకు వేశాడనిపిస్తే నవ్వే ముందు దాన్ని ఒకసారి కాగితం మీద రాసి చూడండి. అగ్గిపెట్టె మీరే తెచ్చుకోండి.

మళ్లీ కాంట దగ్గర

ఏడాది తిరిగేసరికి నా కాంట్రాక్టు పొడిగించలేదు. ఈ పోస్టు అవసరం లేదని తేల్చారు. అవసరం లేని ఆ పోస్టుకు వచ్చే మనిషి కోసమే అప్పగింత నోటు రాయమన్నది. అందుకే శాలువా, అందుకే గడియారం.

రిటైరైనవాళ్లు ఖాళీగా ఉండకూడదంటారు. ఈ యాసంగి పంట కొనుగోళ్లకు కొడకండ్ల వైపు అదే వడ్ల కేంద్రంలో చేరాను. తేమ మీటరు కొత్తది. తరుగు పాతదే.

పోయిన మంగళవారం సోమయ్య ట్రాక్టరులో వడ్లు తెచ్చాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఏ కాంటా దగ్గరికి వెళ్లినా నేనే ఉంటానని ఆయనకు అలవాటైనట్టుంది. బాగున్నారా కాకా అన్నాను. ఉన్న అన్నాడు. లచ్చవ్వ ట్రాక్టరు మీద నుంచి దిగకుండా నా కాంటా వైపే చూస్తూ కూర్చుంది.

మీటరులో వడ్లు పోశాను. తేమ బాగానే ఉంది. కుప్పలో చెయ్యి పెట్టి చూశాను. తాలు కొంచెం, మట్టి కొంచెం. ఇక్కడ ఎంత కోయాలో నేను నిర్ణయించను, పైనుంచి చెబుతారు, అందరికీ ఒకటే. బస్తాకు రెండు కిలోలు.

నేను చెప్పకముందే ఆయనే అడిగాడు.

"ఎంత తీస్తున్నవ్ సారూ?"

"రెండు కిలలు కాకా. అందరికి గంతే."

తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు. నవ్వుతున్నాడో లేదో తువ్వాల వెనక తెలియలేదు.

"నీ గంజాయి కాంటనే నయముండె సారూ," అన్నాడు. "వేరు, మట్టి, నీళ్లు, సంచి, అంత నాదే అని రాస్తివి. నేను పండిచ్చిందంత నాదే అని సర్కారు ఒప్పుకున్నది గదొక్కసారే."

మొదటి బస్తా తెచ్చి కాంటా మీద పెట్టాడు. అంకెలు ఆగేదాకా ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.